గంగ చెవులు చల్లబడిన రాత్రి

మా గంగ ఇంకో పన్నెండు రోజుల్లో ఈనుతుంది. ఐదో ఈత. నాలుగో ఈతప్పుడు జరిగింది రాసి పెట్టాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను, పనుల్లో పడి కుదరలేదు. మొన్న మా ఊళ్లోనే ఒకరింట్లో ఈనిన మర్నాడు ఆవు చచ్చిపోయింది. పలకరించడానికి వెళ్తే "జ్వరం తగిలిందక్కా, తెల్లారేసరికి పోయింది" అన్నాడు ఆ ఇంటి అబ్బాయి. చెవులు పట్టి చూశారా అని అడిగాను. "చూశాం, మంచుగడ్డల్లా ఉన్నాయి. చలిజ్వరమేమో అనుకున్నాం" అన్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. అందరూ పాలజ్వరం అనే ఆ జబ్బు గురించి రాద్దామనే ఇవాళ కూర్చున్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో ఐదు ఆవులు, అన్నీ జెర్సీ సంకరాలే. టమాటాకు ధర పలికినా పలకకున్నా, శెనక్కాయ పండినా ఎండినా, పదిహేను రోజులకోసారి పాల బిల్లు చేతికొస్తుంది. పిల్ల కాలేజీ ఫీజూ, మా అత్త బీపీ మాత్రలూ అన్నీ అందులోంచే. అందులోనూ గంగ ఒక్కటే పూటకు ఏడు లీటర్లు ఇస్తుంది. డబ్బుల కోసమే చెప్పడం లేదు. అది మా ఇంట్లో పుట్టిన పెయ్య. నా చేతి కుడితి తాగి పెరిగింది.

నాలుగో ఈత కార్తీకంలో వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఈనింది. పెయ్యదూడ, నుదుట తెల్లబొట్టు. మాయ కూడా రెండు గంటల్లోనే వేసేసింది. ఇంకేం కావాలి అనుకున్నాం. పొదుగు రాయిలా బిగిసి ఉంటే కూర్చొని ఆరున్నర లీటర్లు పిండాను. చుక్క మిగలకుండా పిండితేనే పొదుగు వాపు రాదని మా నాయన నేర్పింది. దూడకు రెండు లీటర్లు తాపి, మిగతాది జున్నుకు పెట్టాం. ఆవు ఈనితే వీధికి జున్ను పంచకుండా ఎట్లా ఉంటాం? మా అత్త బెల్లం కలిపి, యాలకులూ మిరియాలూ దంచి వేసి ఆవిరికి పెట్టింది. ఏడిళ్లకు గిన్నెలు పోయాయి. అందరూ తిని బాగుందన్నారు. ఆ గిన్నెల్లో ఏం పోయిందో మర్నాడు గానీ నాకు తెలియలేదు.

రాత్రి తొమ్మిదింటికి దాణా పెడితే మూతి ఆనించి తీసేసింది. వెనక కాళ్లు మార్చి మార్చి తొక్కుతోంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఈనిన అలసటలే అనుకున్నా. తొడ మీద కండ సన్నగా అదురుతోంది, ఈగ వాలితే అదిరినట్టు. ఆ చలిలో, రాత్రి తొమ్మిదింటప్పుడు ఈగలెక్కడివని నాకు తట్టలేదు. అదే మొదటి గుర్తట. ఆ గంటలో పట్టుకుంటే ఆవు పడిపోకుండానే బయటపడుతుంది. నేను కొట్టం లైటు తీసేసి పోయి పడుకున్నాను.

నాలుగింటికి లేచి వెళ్లి చూస్తే గంగ పడుకొని ఉంది. మెడ ఎడమకు తిప్పి తలను డొక్క మీద పెట్టుకుంది. చూడ్డానికి నిద్రపోతున్నట్టే ఉంది. పిలిస్తే చెవి కదల్లేదు. తల పట్టుకొని ముందుకు తిప్పాను. వదలగానే మళ్లీ డొక్క మీదికే పోయింది. మెడ ఒకచోట మెలి తిరిగి ఉంది. చెవులు పట్టుకున్నాను. రాత్రంతా బయట పెట్టిన చెంబును తాకినట్టుంది. పక్కనున్న ఆవు చెవి పట్టి చూస్తే వెచ్చగానే ఉంది, అంటే చలివల్ల కాదు. ఎప్పుడూ మంచు పట్టినట్టు తడిగా ఉండే ముట్టె ఎండిన తోలులా ఉంది. టార్చి వేస్తే కంటి నల్లగుడ్డు పెద్దగా విచ్చుకొని ఉంది. వెనకాల చూస్తే రాత్రినుంచి పేడ వేసిన గుర్తు లేదు.

నా కేకకు ఇంటాయన, పక్కింటి నుంచి చిన్నమామ పరిగెత్తుకొచ్చారు. చిన్నమామ చూసీ చూడగానే "పాలజ్వరం తగిలుండాదిమ్మా. మిరియాలు, వెల్లుల్లి కషాయం కాచి పోద్దాం, వేడి పుడతాది" అని వెదురు గొట్టం కోసం వెళ్లబోయాడు. ఆయనకు పశువులంటే ప్రాణం, మనసులో చెడు లేదు. కానీ ఆ గొట్టం మాట వినగానే నాకు కాళ్లూ చేతులూ వణికాయి. "వద్దు చిన్నమామా, నోట్లో చుక్క కూడా పోయొద్దు" అని అడ్డం నిలబడ్డాను.

ఎందుకంటే పద్నాలుగేళ్ల కిందట మా పుట్టింట్లో ఇదే జరిగింది. అప్పుడు లచ్చి అనే ఎర్రావు. ఈనిన రెండో రోజు ఇట్లాగే పడుకొని తల డొక్కకు పెట్టుకుంది. జ్వరమని ఊళ్లో సూదులు వేసే ఒకాయనను పిలిస్తే జ్వరం ఇంజక్షనే వేసి వెళ్లాడు. తర్వాత నాయన కషాయం కాచి, తల పైకెత్తి పట్టుకొని గొట్టంతో పోశాడు. నేను దివిటీలా లైటు పట్టుకొని పక్కనే ఉన్నాను. పోసిన దాంట్లో సగం ముక్కులోంచి బయటికి వచ్చింది. గొంతులో గరగరమని చప్పుడు. లచ్చి ఒక్కసారి తల విదిలించి, కాళ్లు చాపి పక్కకు ఒరిగిపోయింది. పొద్దెక్కేసరికి లేదు. నాయన ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ జబ్బులో గొంతు కండరాలు కూడా పట్టు వదిలేస్తాయి, మింగలేదు, పోసిందల్లా ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని చాలా ఏళ్లకు ఒక పశువుల శిబిరంలో విన్నాను. అప్పటికి నాయన లేడు. ఉండి ఉంటే ఆయనకు ఆ మాట చెప్పగలిగేదాన్నో లేదో.

పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆ వేళప్పుడు కూడా ఎత్తింది. మూడే ప్రశ్నలు అడిగింది. ఈని ఎన్ని గంటలైంది, చెవులు చల్లగా ఉన్నాయా, పేడ వేసిందా. వెంటనే "పక్కకు ఒరగనివ్వకండి. రెండు వైపులా గడ్డి మోపులో, మట్టి మూటలో ఆనించి నిటారుగా కూర్చున్నట్టే ఉంచండి. ఒరిగిపోతే పొట్ట ఉబ్బి ఊపిరి ఆడదు. నోట్లో ఏమీ పోయకండి, వస్తున్నా" అంది. వరిగడ్డి మోపులు రెండు పక్కలా ఆనించాం. గచ్చు మీద కాళ్లు జారకుండా ఇసుక చల్లాం. ఆమె వచ్చేసరికి ఐదున్నర. ఆ గంటసేపూ దాని మెడ మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాను. టెన్షన్‌తో నాకే ఊపిరి ఆడలేదు.

థర్మామీటర్ పెట్టి నాకు చూపించింది. 98. ఆవుకు మామూలుగా 101న్నర ఉండాలి. "చూశావా అమ్మా, జ్వరం కాదు, ఉన్న వేడే తగ్గిపోయింది" అంది. క్యాల్షియం సీసాను ముందు గోరువెచ్చని నీళ్ల బకెట్లో ఉంచమంది. 450 మిల్లీలీటర్ల సీసా. మెడ నరం మీద బొటనవేలితో నొక్కితే నరం తాడులా ఉబ్బింది, అందులోకి సూది పెట్టింది. మా ఇంటాయన సీసా పట్టుకుంటే, ఆమె ముందు కాలి మోచేతి వెనక స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వింటూనే ఉంది. మధ్యలో రెండుసార్లు "సీసా దించు, దించు" అంది. గబగబా ఎక్కిస్తే ఆ క్యాల్షియమే గుండెను ఆపేస్తుందట. అందుకే ఇది చేతికొచ్చినవాళ్లు చేసే పని కాదు. ఎవరో సగం తెలిసిన మనిషి ఐదు నిమిషాల్లో సీసా ఖాళీ చేస్తుంటే ఆవు సూది మీదే పోయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

ఆ తర్వాత చూసింది నేను చచ్చేదాకా మరిచిపోను. సీసా సగమయ్యేసరికి గంగ ఒళ్లంతా వణికింది. భయపడ్డాను. "మంచిదే, కండరాలు మేలుకుంటున్నాయి" అంది డాక్టరమ్మ. కాసేపటికి పెద్దగా త్రేన్చింది. రాత్రినుంచీ ఆగిపోయిన పొట్ట కదిలిందన్నమాట. తర్వాత ఎండిపోయిన ముట్టె మీద ఒక్కొక్క చుక్కే చెమట పుట్టడం కళ్లారా చూశాను. ముందు నాలుగు చుక్కలు, తర్వాత పది, తర్వాత ముట్టెంతా. అప్పుడు పేడ వేసింది, గట్టి ఉండల్లా. మొత్తం సీసా ఎక్కడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఇంకో అరగంటకు, మొదట వెనక కాళ్లు లేపి, ఒకసారి తూలి, లేచి నిలబడింది. నిలబడి దూడ కోసం అరిచింది. చిన్నమామ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని బయటికి వెళ్లిపోయాడు.

టీ తాగుతూ డాక్టరమ్మ చెప్పిన లెక్క ఇది. గంగంత ఆవు ఒంట్లో, రక్తంలో ఏ వేళ చూసినా ఉండే క్యాల్షియం మూడు గ్రాముల దరిదాపే. ఒక లీటరు ముర్రుపాలలో రెండు గ్రాములకు అటూ ఇటూగా పోతుంది. నేను ఒక్కసారి కూర్చొని పిండింది ఆరున్నర లీటర్లు. అంటే రక్తంలో ఉన్నదానికి నాలుగింతలు. కండరం బిగుసుకోవాలన్నా, గుండె గట్టిగా కొట్టుకోవాలన్నా, పేగు కదలాలన్నా క్యాల్షియం కావాలి. అది సగానికి పడిపోయేసరికి ఆవు చచ్చుబడిపోతుంది. పెద్ద చదువుల్లో దీన్ని హైపోక్యాల్సీమియా అనీ, పార్చురియంట్ పెరేసిస్ అనీ అంటారట. మొదటిదానికి రక్తంలో క్యాల్షియం తగ్గడం అనీ, రెండోదానికి ఈనిన వేళ ఒళ్లు పట్టు తప్పడం అనీ అర్థం. ఆ పేర్లలో జ్వరం ఊసే లేదు. మనం మాత్రం ఇంగ్లీషువాళ్ల మిల్క్ ఫీవర్‌ను మాటకు మాట తెచ్చుకొని పాలజ్వరం అన్నాం. ఆ జ్వరం అనే ఒక్క మాట వల్లే లచ్చికి జ్వరం సూది పడింది. మొన్న ఆ అబ్బాయి ఆవూ అందుకే పోయింది. నా చేతిలో ఉంటే ఆ పేరు మార్చేస్తాను.

"మరి నేను రెండు నెలల నుంచీ రోజూ క్యాల్షియం టానిక్ పోస్తూనే ఉన్నా కదా మేడమ్, అయినా ఎందుకు వచ్చింది?" అని అడిగాను. ఎంతో గర్వంగానే అడిగాను, చూడి ఆవును బాగా చూసుకున్నానని. "అందుకే వచ్చింది" అంది ఆమె.

ఇది నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. మా ఊరి భాషలో చెప్తాను. ఇంటి ముందుకే రోజూ ట్యాంకర్ నీళ్లు వస్తుంటే బోరు మోటారు వేసేవాళ్లెవరు? రెండు నెలలు వేయకుండా వదిలేస్తే అది పట్టేస్తుంది. ఒకరోజు పెళ్లికి నూరు బిందెలు కావాల్సి వచ్చి స్విచ్ వేస్తే తిరగదు. బోరులో నీళ్లు లేక కాదు. ఆవు ఎముకల్లో క్యాల్షియం కిలోల కొద్దీ ఉంది. దాన్ని తోడి రక్తంలోకి పంపమని చెప్పే గ్రంథి గొంతు దగ్గర ఉంటుంది, పారాథైరాయిడ్ అంటారు. వట్టిపోయిన రెండు నెలలూ మేతలో క్యాల్షియం దండిగా అందుతుంటే ఆ గ్రంథికి పని ఉండదు. ఈనిన రోజు హఠాత్తుగా అడిగితే అది మేలుకొని, ఎముకలు కరిగి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఆవు పడిపోతుంది. టానిక్ ఒక్కటే కాదు, నేను పెట్టిన శెనక్కాయ కట్టె కూడా క్యాల్షియం ఎక్కువున్న మేతే. లూసర్న్, సుబాబుల్ ఆకు కూడా అంతే. ఈనిన తర్వాత అవి బంగారం. ఈనడానికి ముందు మూడు వారాలు మాత్రం తగ్గించాలి.

మొదటి ఈత పడ్డకు ఇది దాదాపు రాదు. ఎముకల్లోంచి తోడే శక్తి వయసులో బాగా ఉంటుంది, పాలూ తక్కువ. మూడో ఈత నుంచి భయం మొదలవుతుంది. జెర్సీ రక్తం ఉన్నవాటికి మిగతా జాతుల కన్నా ఎక్కువ. బాగా పాలిచ్చే బర్రెలకూ వస్తుంది. మా జేజి కాలంలో ఇంట్లో పుంగనూరు ఆవులుండేవి. పూటకు లీటరో లీటరున్నరో ఇచ్చేవి. వాటికి ఇట్లా వచ్చిందని జేజి నోట ఎప్పుడూ వినలేదు. ఎక్కువ పాలు కావాలనుకున్నది మనం, కాబట్టి ఆ మూడు రోజులూ కనిపెట్టుకొని ఉండాల్సిందీ మనమే.

డాక్టరమ్మ ఇంకో ముచ్చట చెప్పింది, నాకు చాలా నచ్చింది. నూట పాతికేళ్ల కిందటి దాకా ఈ జబ్బు వచ్చిన ఆవుల్లో సగానికి పైగా చచ్చిపోయేవట. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్ అనే ఊళ్లో ష్మిట్ అనే పశువుల డాక్టరు, జబ్బు పొదుగులో ఉందనుకొని పొదుగులోకి అయోడైడ్ మందు ఎక్కించాడు. చాలా ఆవులు లేచాయి. తర్వాత 1901లో అదే దేశంలో ఆండర్సన్ అనే ఆయన మందు కూడా లేకుండా ఉత్త గాలి నింపితే ఇంకా బాగా లేచాయి. దాంతో రైతులు సైకిల్ పంపులు పట్టుకున్నారు. ఎందుకు లేస్తున్నాయో ఎవరికీ తెలియదు. 1925లో ఎడిన్‌బరోలో డ్రయ్యర్, గ్రెగ్ అనే ఇద్దరు ఇది క్యాల్షియం కొరత అని చెప్పాకే గుట్టు తెలిసింది. గాలి నిండిన పొదుగు బిగిసిపోయి పాలు తయారవడం ఆగిపోతుంది, రక్తంలోంచి క్యాల్షియం పోవడమూ ఆగిపోతుంది, అంతే. ఇప్పుడు ఎవరూ పంపు పట్టుకోకండి, పొదుగు వాపు వచ్చి చన్నులు పోతాయి. కానీ ఆ సంగతిలోనే నా తప్పు నాకు కనబడింది. వాళ్లు పొదుగు నింపి ఆవును బతికించారు. నేను చుక్క లేకుండా ఖాళీ చేసి పడగొట్టాను.

గంగ కథ ఆ పొద్దుతో అయిపోలేదు. కొన్నిటికి మళ్లీ తిరగబెడుతుందని ఆమె ముందే చెప్పి వెళ్లింది. గంటకోసారి చెవులు పట్టి చూస్తూనే ఉన్నాం. సాయంత్రం ఏడింటికి మళ్లీ చల్లబడుతున్నట్టు అనిపించింది. ఈసారి పడిపోలేదు, నిలబడే ఉంది. వెంటనే ఫోన్ చేశాను. ఇంకో సీసా, సగం నరానికి, సగం చర్మం కింద నాలుగైదు చోట్ల. ఆ రాత్రి కొట్టంలోనే మంచం వేసుకున్నాను. మూడో రోజుకు గడ్డి నిండుగా తిని నెమరు వేసింది. రెండు సీసాలకూ అయిన ఖర్చు గంగ రెండు రోజులు ఇచ్చే పాల డబ్బులు కూడా కాదు.

పడిపోని ఆవులకు కూడా లోలోపల క్యాల్షియం తగ్గి ఉండొచ్చు. మాయ పడకపోవడం, మేత సరిగా తినకపోవడం, తర్వాత పొదుగు వాపు రావడం, వీటి వెనక చాలాసార్లు ఇదే ఉంటుందట. అది ఇంకో రోజు రాస్తాను.

ఇప్పుడు గంగకు ఏం చేస్తున్నానో చెప్తాను. టానిక్ సీసా రెండు నెలల కిందటే అటక మీదికి పోయింది. శెనక్కాయ కట్టె మిగతా నాలుగు ఆవులకే. దీనికి వరిగడ్డి, కాస్త పచ్చిగడ్డి, దాణా, చూడి ఆవులకు డాక్టరమ్మ చెప్పిన మినరల్ మిక్చర్. ఈనడానికి వారం ముందు విటమిన్ డీ3 సూది వేస్తానంది. ఏ రోజు వేయాలో ఆమే చూసుకుంటుంది, ముందు గానీ వెనక గానీ అయితే లాభం లేదట. ఈనగానే, ఆవు లేచి నిలబడి బాగా మింగగలుగుతున్నప్పుడే క్యాల్షియం జెల్ ఒకటి నోటికి. పడుకుండిపోయిన ఆవుకు మాత్రం నీళ్లు కూడా నోట్లో పోయకూడదు. మొదటి రెండు రోజులు దూడకు సరిపడా, పొదుగు బిగువు కాస్త తగ్గేదాకా పిండుతాను, అంతకు మించి చెయ్యి పెట్టను. రెండు సీసాలు ముందే తెచ్చి గూట్లో పెట్టాం, అర్ధరాత్రి మెడికల్ షాపు కోసం పరిగెత్తక్కర్లేకుండా. డాక్టరమ్మ నంబరూ, పశువుల అంబులెన్సు 1962 నంబరూ కొట్టం గోడ మీద సున్నంతో రాశాడు మా ఇంటాయన. కొట్టంలో మంచం కూడా వేసేశాడు.

నిన్న మదనపల్లె నుంచి మా వదిన ఫోన్ చేసింది, గంగ ఎప్పుడు ఈనుతుంది, జున్నుపాలు పంపుతావా అని. మూడో రోజు పాలే పంపుతా వదినా, అవి అంత గట్టిగా కట్టవు, కోడిగుడ్డు కొట్టి కలుపుకో అన్నాను. పోయినసారి జరిగింది ఆమెకు తెలుసు. "నాకేం వద్దులే, ముందు దాన్ని చూసుకో. నేనే వచ్చి నాలుగు రోజులు నీకు తోడుంటా" అంది.